ఎర్రనీరు అంటే ఏంటో మావాడికి తెలియలేదు

పోయినసారి ఓవర్‌టైం డబ్బుల గురించి రాస్తే చాలామంది ఫోన్లు చేశారు. ఈసారి డబ్బు గొడవ కాదు, తిండి గొడవ. కూరల పేర్లు, చేపల పేర్లు, చెట్టూ చేమల పేర్లు. "రోజంతా ఒళ్ళు హూనం చేసుకుని వచ్చి దీని మీద ఇంత పొడుగు పోస్టా" అని మీరు అంటారని తెలుసు. మొత్తం చదివాక తిట్టండి, పడతాం.

మా సైటు జర్నల్ స్క్వేర్ దగ్గర. సెంట్రింగు పనివాళ్ళలో సగం మంది పోర్టోరికో, డొమినికన్ వాళ్ళు. కరెంటు పనిలో ఒక గయానా అన్న ఉన్నాడు. మేం తెలుగోళ్ళం ఐదుగురం. కోనసీమ, అనంతపురం, కరీంనగర్, అన్నీ కలిసిన బ్యాచ్. మధ్యాహ్నం అందరం ఒకే మెట్ల దగ్గర కూర్చుని డబ్బాలు తెరుస్తాం. ఓ రోజు సెంట్రింగు పెద్దాయన (పోర్టోరికో ఆయన, అరవైకి దగ్గర) డబ్బా తీశాడు. పచ్చగా ఉన్న అన్నం, మధ్యలో గింజలు. ఇదేంటి పెద్దాయనా అంటే "గాందూలెస్" అన్నాడు. గింజ చేత్తో నలిపి చూశాం. కంది గింజే! పచ్చి కందికాయ వలిస్తే వచ్చే గింజ. ఆయన గాందూలెస్ అంటున్నాడు, మనం కందులు అంటాం. అయిపోయింది, ఇంక ఆ రోజు మమ్మల్ని పట్టేవాడు లేడు. "చూశారా, మన తెలుగు మాట సముద్రాలు దాటి వెళ్ళింది" అని అన్ని గ్రూపుల్లోనూ పెట్టేశాం. లైకులే లైకులు.

మాలో ఒకతని కూతురు ఇక్కడే కాలేజీ చదువుతోంది. ఆ అమ్మాయి పుస్తకాలు చూసి మా గాలి తీసేసింది. ఆ మాట మనది కాదట. ఆఫ్రికాలో కాంగో వైపు వాళ్ళ భాషలో ఆ గింజని వాందూ అంటారట. బానిసలుగా ఓడల్లో కట్టి తీసుకెళ్ళిన జనం నోట్లో ఆ మాట ఆ దీవులకి వెళ్ళింది. పంట పుట్టింది మాత్రం మన దేశంలోనే. ఇక్కడి నుంచి ఆఫ్రికాకి, అక్కడి నుంచి దీవులకి పోయింది. జమైకా వాళ్ళు గుంగో అంటారు, అదీ కాంగో పేరు మీద వచ్చిందే. బార్బడోస్‌లో పావురాలకి మేత వేసేవాళ్ళు కాబట్టి ఇంగ్లీషువాళ్ళు పావురాల బఠాణీ అన్నారు. ఇంకో తమాషా ఉంది. 1900లో పోర్టోరికో కూలీలు చెరుకు పనికి హవాయి దీవులకి వెళ్ళారు, కంది కూడా పట్టుకెళ్ళారు. హవాయి వాళ్ళు ఇప్పటికీ దాన్ని తమ భాషలో "పోర్టోరికో బఠాణీ" అనే అంటారు.

గ్రూపుల్లో పెట్టిన ఆ పోస్టులు తీసేశాం. సిగ్గుపడ్డాం కూడా. మనకో జబ్బుంది, ఏది చూసినా "ఇది మన దగ్గర నుంచే వచ్చింది" అనడం. చేతిలో ఫోనుంది కదా అని ప్రపంచం మొత్తం మనదే అని ఫార్వర్డ్ చేసేస్తాం. కానీ ఆ రాత్రి పడుకుంటే ఇంకో ఆలోచన వచ్చింది. ఒంటి మీద గుడ్డ తప్ప ఏమీ లేకుండా సంకెళ్ళతో వచ్చిన మనిషి, గింజ పేరు మాత్రం వదల్లేదు. యజమాని భాష మార్చాడు, దేవుణ్ణి మార్చాడు, మనిషి పేరే మార్చేశాడు. కంది గింజ పేరు మార్చలేకపోయాడు. మనం పాస్‌పోర్టుతో, రెండు సూట్‌కేసులతో, ఆవకాయ జాడీతో విమానంలో వచ్చాం. పదేళ్ళు తిరక్కుండా మన ఇళ్ళల్లో ఏ చేపైనా "ఫిష్", ఏ ఆకైనా "గ్రీన్స్", ఏ పిట్టైనా "బర్డ్" అయిపోయింది. మమ్మల్ని కొట్టి మార్పించినవాడు ఎవడూ లేడండి. మేమే మార్చుకున్నాం.

ఆ పెద్దాయన సంగతి చెప్పాలి. ఆయన పుట్టింది జెర్సీ సిటీలోనే. దీవిలో మొత్తం కలిపితే ఒక ఏడాది కూడా ఉండి ఉండడు. ఇంగ్లీషు మనకంటే వందరెట్లు బాగా మాట్లాడతాడు. అయినా అరటికాయ గినేయోనే, కర్రపెండలం యూకానే. వాళ్ళ దీవిలో బొటనవేలంత కప్ప ఒకటి ఉందట, రాత్రిళ్ళు "కో-కీ, కో-కీ" అని అరుస్తుందట. దాని పేరే కోకీ. ఫోన్లో దాని అరుపు పెట్టి వినిపించాడు. పక్కన జాక్‌హామర్ మోగుతోంది, ఆయన కళ్ళు మూసుకుని కప్ప అరుపు వింటున్నాడు. మేం నవ్వలేదు. మాకూ వానాకాలం రాత్రి మా లంకలో కప్పల బెకబెకలు గుర్తొచ్చాయి.

కమలాపండుని ఏమంటారు అంటే "చీనా" అన్నాడు. మా అనంతపురం తమ్ముడు ఎగిరి గంతేశాడు. వాళ్ళ జిల్లా అంతా చీనీ తోటలే కదా! మిగతా వాళ్ళం బత్తాయి అంటుంటే వాళ్ళు చీనీ కాయ అంటారు. ఈసారి మాత్రం మేం తొందరపడలేదు, మనది అనలేదు. చైనా నుంచి వచ్చిన పండు కాబట్టి వాళ్ళు ఆ మూల అలా పిలిచారు, మనవాళ్ళు ఈ మూల ఇలా పిలిచారు. అంతే.

ఆ దీవుల్లో అసలు వాళ్ళు తాయినో అనే జనం. కొలంబస్ 1493లో పోర్టోరికో చేరాడు. తర్వాత కొన్ని దశాబ్దాల్లోనే పనిలో పెట్టి చంపింది కొంత, మశూచి లాంటి రోగాలు కొంత, ఆ జనం దాదాపు తుడిచిపెట్టుకుపోయారు. కానీ వాళ్ళ మాటలు ప్రపంచం మొత్తం నోట్లో ఉన్నాయి. హరికేన్ వాళ్ళ మాట. బార్బెక్యూ, హేమక్, ఇగ్వానా వాళ్ళ మాటలే. ఇంగ్లీషువాడి గ్వావా, వాళ్ళ గ్వయాబా. మనకి కార్తీకంలో తుపాను భయం ఉన్నట్టు ఇక్కడ ప్రతి ఆగస్టులో టీవీ వాడు హరికేన్, హరికేన్ అని అరుస్తుంటే, బతికి లేని ఒక జనం మాట అది అని ఎంతమందికి తెలుసు?

మా వైపు వాళ్ళకి ఒక మాట. పొగాకు మొక్క వచ్చింది కూడా ఆ ఖండం నుంచే. 1492లో క్యూబా దీవిలో ఆకు చుట్టి కాల్చడం కొలంబస్ మనుషులు మొదటిసారి చూశారు. మన తాతలు అడ్డపొగ తాగిన లంక పొగాకు, ఆ దీవి నుంచి ఈ దీవికి వచ్చిందన్నమాట. లంక అంటే దీవే కదండీ. మేం గోదావరి పాయల మధ్య లంకలో పుట్టినవాళ్ళం, పి.గన్నవరం అవతల. చుట్టూ నీళ్ళు, పడవ దాటితేనే బడి. కాబట్టి దీవి జనం అంటే మాకు పరాయి అనిపించదు. ఆ మొక్కకి మనవాళ్ళు వాళ్ళ పేరు పెట్టలేదు, పొగ వచ్చే ఆకు కాబట్టి పొగాకు అన్నారు. అనాస, బొప్పాయి అయితే పేరుతో సహా తీసుకున్నారు. సీమచింత, సీమవంకాయ, బంగాళాదుంప... బయట నుంచి ఏది వచ్చినా నోటికి పట్టే పేరు పెట్టి ఇంట్లో కలుపుకున్నారు. వాళ్ళెవరూ ఇంజనీర్లు కాదు, పండితులూ కాదు.

ఇప్పుడు మా ఇంటి సంగతి చెప్తాం. చెప్పుకోవడానికి కొంచెం కష్టంగానే ఉంటుంది.

2022 జులై. గోదావరికి పెద్ద వరద. భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటింది, 1986 తర్వాత అంత ఎత్తు అదే. వార్తల్లో చూస్తూనే ఉన్నాం. మా లంక దాకా రావడానికి ఇంకా టైం ఉందిలే అనుకున్నాం. పొద్దున్నే సైటుకి పోయాం, ఆ రోజు పోత ఉంది, ఫోన్లు లాకర్లో. మనకి పొద్దున్న ఎనిమిదిన్నర అంటే అక్కడ సాయంత్రం ఆరు. మా అమ్మ మా ఆవిడ ఫోన్‌కి చేసింది. మా ఆవిడ పనికి వెళ్ళే తొందరలో ఫోన్ ఇంట్లో మర్చిపోయింది. బడి సెలవులు, మావాడు ఎత్తాడు. అప్పటికి వాడికి పదకొండేళ్ళు. అమ్మ చెప్పింది ఇది: "నాన్నకి చెప్పు బాబూ, ఎర్రనీరు రేవెక్కేసింది, గొడ్లని గట్టు మీదికి తోలేశాం, మేమూ మెరకెక్కుతున్నాం." వాడు "ఓకే నాన్నమ్మా, బై" అన్నాడు.

సాయంత్రం ఐదింటికి ఇంటికి వచ్చి, బూట్లు విప్పి, స్నానం చేసి, తింటుంటే వాడు చెప్పాడు. "నాన్నమ్మ వాళ్ళ ట్యాప్‌లో రెడ్ కలర్ వాటర్ వస్తోందంట. గోట్స్‌ని ఎక్కడికో పంపించారంట."

చూడండి, వాడి తప్పేం లేదు. మా బిల్డింగులో ఒకసారి పైపులు బాగు చేసినప్పుడు మూడు రోజులు ట్యాపుల్లో ఎర్రటి నీళ్ళే వచ్చాయి. వాడికి తెలిసిన ఎర్రనీళ్ళు అవే. గొడ్లు అంటే వాడికి గోట్స్. రేవు, గట్టు, మెరక వాడి చెవిలో పడి జారిపోయాయి. మెరకెక్కడం అంటే ప్రాణం కాపాడుకోవడం అని వాడికి ఎవరు చెప్పారు? మేం చెప్పలేదు. చిన్నప్పుడు వాడు తెలుగులో ఏదో అంటే "ఇంగ్లీషులో చెప్పరా, టీచర్ ముందు తడబడతావు" అన్నది మేమే. నిజం చెప్తున్నాం.

వెంటనే ఫోన్ చేస్తే స్విచ్చాఫ్. అక్కడ తెల్లవారుజాము రెండున్నర దాటింది. కరెంటు లేదు. పక్కింటి ఫోన్ లేదు, మేనమామ ఫోన్ లేదు. మర్నాడు సైటుకి పోలేదు. ఆ తర్వాతి రోజు రాత్రి ఎవరో ఊరి కుర్రాడి ఫోన్ నుంచి అమ్మ మాట్లాడింది. అందరూ క్షేమం, ఒక పెయ్య కొట్టుకుపోయింది, ఇంట్లో మోకాలి లోతు ఒండ్రు. "నీకు చెప్పమని బాబుకి చెప్పాను కదరా" అంది. ఏం చెప్తాం? "చెప్పాడమ్మా" అన్నాం.

తొమ్మిది గంటల ముందు తెలిస్తే వరద ఆపేవాళ్ళం కాదు. కానీ అమలాపురంలో ఉన్న మా తోడల్లుడికి ఫోన్ చేసి పడవకి మనిషిని పంపించేవాళ్ళం. ఇంట్లో ధాన్యం బస్తాలు అటక మీదికైనా ఎక్కేవి. తల్లి ఒక్కర్తీ చీకట్లో మెరకెక్కుతుంటే ఫోన్లో మాట్లాడేవాళ్ళం, అదైనా.

ఎర్రనీరు అంటే తెలియని తమ్ముళ్ళ కోసం. ఎండాకాలం గోదావరి నీళ్ళు తేటగా ఉంటాయి. పైన వానలు పడ్డాక కొండల మట్టి కలిసి ఎర్రగా దిగుతుంది, అదే ఎర్రనీరు. ఆ నీటికి ఎదురు ఈదుకుంటూ సముద్రం నుంచి చేప పైకొస్తుంది. సముద్రంలో ఉన్నంతసేపు అది ఇలస, గోదాట్లోకి వచ్చి ఎదురీదాక పులస. చేప ఒకటే, రెండు పేర్లు, ధర మాత్రం ఎక్కడికో. పుస్తెలమ్మి పులస తినాలి అన్నది ఊరికే అనలేదు మనవాళ్ళు. ఒక్క ఎర్రనీరు అనే మాటలో నెల ఉంది, చేప ఉంది, గొడ్లని ఎప్పుడు కదపాలో ఉంది. దాన్ని "ఫ్లడ్" అని చెప్పు అంటే, ఫ్లడ్‌లో పులస ఎక్కడుంది?

అలాగని మన మాటలే చాలు, ఇక్కడివి అక్కర్లేదు అంటే దానికీ దెబ్బ తిన్నాం. పోయిన ఏడాది మా కరీంనగర్ తమ్ముడు రైలు పట్టాల పక్కన ఎర్ర కాడలతో నవనవలాడుతున్న మొక్క చూశాడు. ఎర్ర బచ్చలి అనుకున్నాడు. మేమూ అలాగే అనుకునేవాళ్ళం, మన బచ్చలికి లాగే దానికీ ఊదారంగు పళ్ళు కాస్తాయి. పప్పులో వేసి వండాడు, ఇద్దరు తిన్నారు. రాత్రంతా వాంతులు, విరేచనాలు. పొద్దున్న పెద్దాయనకి ఫోటో చూపిస్తే తల పట్టుకున్నాడు. "పోక్! అది విషం" అన్నాడు. పోక్‌వీడ్ అనేది ఇక్కడ ప్రతి ఖాళీ జాగాలో మొలుస్తుంది. వేరు, పళ్ళు, ఆకులు అన్నీ విషమే. దక్షిణాది రాష్ట్రాల్లో కొందరు లేత ఆకుని చాలాసార్లు ఉడికించి నీళ్ళు పారబోసి తింటారట, మీరు మాత్రం ఆ జోలికి పోకండి. పోక్ అనే ఆ చిన్న మాట కూడా ఈ గడ్డ మీద మొదటి నుంచి ఉన్న ఇండియన్లదే. ఆ ఒక్క మాట మా తమ్ముడికి తెలిసుంటే ఆ రాత్రి అలా ఉండేది కాదు. ఇంకొకటి, ఫుట్‌పాత్ పగుళ్ళలో మన పాయల కూర (గంగవాయిలి అంటారు కొన్నిచోట్ల) కనిపిస్తుంది. అది మంచి కూరే, పోర్టోరికో వాళ్ళు వెర్దొలాగా అంటారు. కానీ సైట్ల పక్కన మొలిచింది కోయకండి. జెర్సీ సిటీలో చాలాచోట్ల వెనకటి ఫ్యాక్టరీల క్రోమియం వ్యర్థాన్ని నేల మెరక చేయడానికి పోశారు. తవ్వే పని మనది, ఆ సంగతి మనకే బాగా తెలియాలి. మన లంక ఒండ్రు కాదు ఇది.

ఈ ఊరి పాత మాటల గతి కూడా చూడండి. కమ్యూనిపా అవెన్యూలో రోజూ తిరుగుతాం, హాకెన్‌సాక్ నది మీద వంతెన దాటుతాం. రెండూ ఇక్కడి లెనాపే జనం మాటలు. బోర్డు మీద మాత్రం ఉన్నాయి. అర్థం ఏంటని ఆ వీధిలో ఇరవై ఏళ్ళుగా ఉంటున్న బార్బర్‌ని అడిగాం, భుజాలు ఎగరేశాడు. తినే మాట అయితే నోట్లో ఉంటుంది, బోర్డు మాట గోడ మీదే ఉంటుంది.

కొంతమంది అంటారు, "పిల్లలు ఇక్కడ బతకాలి, ఇంగ్లీషు ముఖ్యం, ఈ కూరల పేర్లు నేర్పి ఏం సాధిస్తాం" అని. మేమూ అన్నాం ఆ మాట, కాబట్టి తప్పు పట్టం. కానీ మా పెద్దాయన పిల్లల్ని చూడండి. ఒకమ్మాయి నర్సు, ఇంకోడు బస్సు డ్రైవరు. ఇంగ్లీషు వాళ్ళకి అమ్మభాష లాంటిది. క్రిస్మస్‌కి మాత్రం వాళ్ళింట్లో గాందూలెస్ అన్నమే, ఆ పేరుతోనే. గయానా అన్న అయితే మరీ. వాళ్ళ ముత్తాతల్ని చెరుకు పనికి ఓడల్లో తీసుకెళ్ళారు, 1838లో మొదలై 1917 దాకా వెళ్ళాయి ఆ ఓడలు. హిందీ పోయింది, భోజ్‌పురి పోయింది, ఆయనకి ఇంగ్లీషు తప్ప రాదు. అయినా కాకరకాయ కరైలా, పొడుగు అలసందలు బోరా, కరివేపాకు "కరపులే". అది మద్రాసు నుంచి వెళ్ళిన అరవవాళ్ళ మాట. భాష మొత్తం పోయినా వంటింటి మాటలు నాలుగైదు తరాలు నిలిచాయి. మన కాకినాడ పక్క కోరంగి రేవు నుంచి మారిషస్‌కి, బర్మాకి వెళ్ళినవాళ్ళని అక్కడ కొరంగీలు అనేవారు. వాళ్ళు మనవాళ్ళే. వాళ్ళ దగ్గర వాట్సాప్ లేదు, వీడియో కాల్ లేదు. మనకి అన్నీ ఉన్నాయి, మాట లేదు.

క్లాసులు పెట్టమనడం లేదు. ఆదివారం తెలుగు బడికి పంపితే మంచిదే, అక్కడ అ ఆలు వస్తాయి. చీరమీను, బొమ్మిడాయిలు, కొరమేను రావు. అవి పొయ్యి దగ్గరే రావాలి. న్యూఆర్క్ అవెన్యూ కొట్లో గోంగూర కట్ట చేతిలోకి తీసుకుని "ఇది గోంగూర" అని పిల్లాడికి పులుపు రుచి చూపించండి, చీటీ మీద ఏం రాసి ఉన్నా సరే.

కొత్తవాటికి మనమే పేర్లు పెడదాం, తాతలు పెట్టినట్టు. హడ్సన్ నదిలోకి వసంతకాలంలో సముద్రం నుంచి షాడ్ అనే చేప ఎదురీదుకుంటూ వస్తుంది. ముళ్ళు, రుచి, నడత అన్నీ మన పులసకి దూరపు చుట్టమే. ఇలస దొరక్కపోతే బెంగాలీలు దాన్నే వండుకుంటారు. చేపలు తగ్గిపోయాయని 2010లో న్యూయార్క్ వాళ్ళు హడ్సన్‌లో దాన్ని పట్టడం ఆపేశారు. మేం ఒకసారి బంగ్లాదేశీ చేపల కొట్లో వేరేచోట పట్టిన షాడ్ దొరికితే తెచ్చి, బెండకాయ, వంకాయ వేసి పులుసు పెట్టాం. మావాడు "ఏంటిది" అంటే "సీమ పులస" అన్నాం. అప్పటికప్పుడు నోటికొచ్చింది. ఇప్పుడు మా ఇంట్లో దాని పేరు అదే.

మావాడికి ఇప్పుడు మీసం వస్తోంది. ప్రతి జులైలో నాన్నమ్మకి వాడే ఫోన్ చేస్తాడు, రేవులో ఎన్ని మెట్లు మునిగాయి అని అడుగుతాడు. యాస చూసి ఆవిడ నవ్వుతుంది. నవ్వనీ.

మీ ఊళ్ళో పాయల కూరని ఏమంటారు, వరద నీళ్ళని ఏమంటారు, కింద రాయండి. ఉత్తరాంధ్ర వాళ్ళు, నిజామాబాద్ వాళ్ళు తప్పకుండా రాయండి, మీ మాటలు మాకు తెలియవు. పోక్‌వీడ్ ఫోటో కింద పెడుతున్నాం, కొత్తగా వచ్చిన కుర్రాళ్ళందరికీ పంపించండి. రేపు ఏడో అంతస్తు స్లాబు పోత, రెడీమిక్స్ బళ్ళు ఐదున్నరకే గేటు దగ్గర ఉంటాయి. పడుకుంటాం.